గర్జన స్టార్‌కు గహ్వా పోసిన ఇమామ్

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. తోలు ప్యాంటు వేసుకున్న సినిమా హీరో ఒకాయన బంగారు రంగు కుర్చీలోంచి లేచి, స్టేజీ పక్కనున్న తెరను మెడకు చుట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ పరిగెత్తిపోతుంటాడు. వెనకాల తెల్ల చొక్కా మనిషి ఒకడు చేతిలో ఇత్తడి కూజాతో కదలకుండా నిలబడి ఉంటాడు. దాని కింద జనం రాసిన రాతలు చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. హీరోకు దెయ్యం పట్టిందని ఒకడు, కూజాలో ఏదో కలిపారని ఒకడు, ఇదంతా కంప్యూటర్లో చేసిందని ఇంకొకడు. ఒక మహానుభావుడైతే ఆ తెల్ల చొక్కా మనిషి పక్కదేశం గూఢచారి అని తేల్చేశాడు. వాడెవడో నాకు దొరకాలి.

ఆ తెల్ల చొక్కా మనిషి పేరు ఇమామ్. కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆ రోజు అతని మొహానికి పౌడరు రాసింది నేనే కాబట్టి జరిగిందేమిటో చెప్పే హక్కు నాకుంది. నా పేరు వసుంధర. మాది కాకినాడ. దోహాలో అల్ ముంతజాలో ఆడవాళ్ళ బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. ఇక్కడ తెలుగువాళ్ళు ఏ ఫంక్షన్ చేసినా మేకప్ పని నా నెత్తిన పడుతుంది. పైసా ఇవ్వరు, శాలువా కప్పుతారు. మా ఇంట్లో కిటికీ తెరలన్నీ ఆ శాలువాలతో కుట్టించినవే.

ఇమామ్ ఒక ఖతరీ కుటుంబంలో ఇంటి డ్రైవరు. ఇంటి యజమానిని వీళ్ళు బాబా అంటారు, ఇల్లాలిని మామా అంటారు. ఆ మామా నా పార్లర్‌కి వస్తుంది. ఆవిడ లోపల గోరింటాకు పెట్టించుకుంటున్నంతసేపూ ఇమామ్ బయట బండిలో కూర్చుంటాడు. ఎండలో అలా కూర్చోబెట్టడం నా వల్ల కాక, ఒకరోజు మజ్జిగ ఇచ్చాను. అప్పట్నుంచి నేను అతనికి అక్కను అయ్యాను. అడగకుండానే.

పగలంతా డ్రైవరు. సాయంత్రం అయ్యేసరికి వేరే పని. ఆ ఇంట్లో మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద గది ఒకటి ఉంటుంది, మజ్లిస్ అంటారు. బాబా స్నేహితులు, చుట్టాలు, పెద్దమనుషులు అక్కడికి చేరతారు. వాళ్ళకు గహ్వా పోయడం ఇమామ్ పని. గహ్వా అంటే యాలకులు దట్టించిన అరబ్బుల కాఫీ. పాలుండవు, చక్కెర ఉండదు. మొదటిసారి తాగినప్పుడు నాకు కషాయం గుర్తొచ్చింది.

కాఫీ పోయడంలో ఏముంది అని నేనూ అన్నాను. ఇమామ్ మొహం మాడ్చుకున్నాడు.

"ఏముంది అంటావేందక్కా? దల్లా ఎడమ చేత్తోనే పట్టుకోవాల. కప్పు కుడి చేత్తోనే ఇయ్యాల. పెద్దాయనతో మొదలుపెట్టాల. కప్పు అడుగున రవ్వంత పొయ్యాల, నిండా పోస్తే కొంప మునుగుతాది."

"నిండా పోస్తే మంచిదే కదయ్యా."

"మంచిదా? నిండా పోస్తే తాగేసి లేచి పో అని అర్థం. మర్యాదస్తుల్ని అట్ల తరిమేస్తామా?"

దల్లా అంటే ఆ పొడుగాటి ముక్కున్న కూజా. కప్పుకు పిడి ఉండదు, అరచేతిలో దాక్కునేంత చిన్నది. అసలు కీలకం ఇంకొకటి ఉంది. తాగేవాడు చాలు అని నోటితో అనడు. ఖాళీ కప్పును వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. ఊపితే చాలని అర్థం. ఊపకుండా చేయి చాపితే ఇంకా కావాలని అర్థం. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఇమామ్‌కు ఈ పని నేర్పిన ముసలి సూడానీ ఇంకో మాట కూడా చెప్పాడట. పోసేవాడు ఎదుటి మనిషి మొహం చూడకూడదు, కప్పునే చూడాలి. మొహం చూస్తే చూపులు కలుస్తాయి, చూపులు కలిస్తే ఆయనకు మొహమాటం పుడుతుంది, మొహమాటం పుడితే చాలనో కావాలనో అబద్ధం ఆడతాడు. కప్పును చూస్తే ఏ గొడవా లేదు.

"పదారేండ్లాయక్కా. నేను పోస్తే దల్లా ముక్కులోనుంచి ఒక్క చుక్క కార్పెట్ మీద పడిందంటే నా పేరు మార్చుకుంటా," అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా మెడ కొంచెం పొడుగయ్యేది.

అంత గొప్ప పనివాడిని అతని భార్య మాబున్నీసా నమ్మేది కాదు.

పెళ్ళయిన కొన్నాళ్ళకే ఇతను విమానం ఎక్కేశాడు. రెండేళ్ళకోసారి సెలవు. డ్రైవర్ పని అంటే ఆమెకు అర్థమైంది. సాయంత్రాలు ఏం చేస్తావంటే కాఫీ పోస్తానన్నాడు. ఎవరికి? వచ్చినవాళ్ళకి. ఎంతసేపు? వాళ్ళు వెళ్ళేదాకా. రోజూనా? రోజూనే. ఆ జవాబులు వింటే నేనైనా నమ్మను. దానికి తోడు వాళ్ళ వీధిలో కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకాయనకు అక్కడ ఇంకో కాపురం ఉన్నట్టు బయటపడింది. ఆయన కూడా సాయంత్రం డ్యూటీ అనే చెప్పేవాడట. ఇక మాబున్నీసాకు నిద్ర పట్టలేదు.

ఒకరోజు పార్లర్ గుమ్మంలో ఇమామ్ వీడియో కాల్ మాట్లాడుతూ, నన్ను చూసి ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. తెరలో తలమీద కొంగు కప్పుకున్న సన్నటి మొహం. కళ్ళు మాత్రం పోలీసు కళ్ళు.

"మేడమ్, మీరు ఆడమనిషి, నాతో అబద్ధం చెప్పరు. ఈయప్ప సాయంత్రమైతే ఫోన్ ఆపేస్తాడు. యాడికి పోతాండాడు?"

"కాఫీ పోయడానికేనమ్మా."

"మీరు చూసినారా?"

నేను చూడలేదు. ఆ మజ్లిస్‌లోకి ఆడవాళ్ళం వెళ్ళం. ఫోన్ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చాను.

"చూల్లేదు గదా," అంది మాబున్నీసా. "ఒక ఫోటో పంపమంటే పంపడు. కాఫీ పోసేదానికి ఇంత దాపరికం యాటికి మేడమ్?"

దాపరికం కాదు. మజ్లిస్‌లో పనివాళ్ళు ఫోన్ తీయకూడదు. పెద్దపెద్దవాళ్ళు వచ్చి కూర్చునే చోటు, ఫోటో తీసినట్టు తెలిస్తే ఆ పూటే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ సంగతి ఇమామ్ లక్షసార్లు చెప్పాడు. మంచి సాకు దొరికిందిలే అని ఆమె లక్షసార్లు అంది. చివరికి తేల్చేసింది. వచ్చే సెలవులోపల నాకు కంటితో చూపించు, లేదంటే మా అన్నోళ్ళింటికి పోతాను, వచ్చి తాళం చూసుకో అని. ఆ మాట నాకు చెబుతూ ఇమామ్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. మాబున్నీసా అంటే అన్నంత పనీ చేసే రకమట.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక టీవీ చానెల్‌వాళ్ళు దోహాలో దిగారు. 'గంట కొట్టు గురూ' అని వాళ్ళదొక ఆటల ప్రోగ్రాం. గల్ఫ్ తెలుగువాళ్ళతో ప్రత్యేక భాగం తీస్తారట. ప్రతి పోటీదారుడి పక్కనా జోడీగా ఒకే హీరో ఆడతాడు, ఆ వీడియోలో పరిగెత్తినాయనే. ఆ హీరోను అభిమానులు గర్జన స్టార్ అంటారు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. గెలిచినవాళ్ళ ఇంటి మనిషి ఒకరిని ఊరినుంచి దోహాకు తీసుకొచ్చి, ముషైరిబ్‌లో మంచి హోటల్లో వారం రోజులు ఉంచి పంపిస్తారు. టిక్కెట్లు, వీసా, భోజనం అన్నీ వాళ్ళవే.

మా తెలుగు సంఘం అధ్యక్షుడు నగేష్ గారిది జగిత్యాల. ఇక్కడ కాంట్రాక్టరు. పోటీదారుల పేర్లు ఆయనే రాశాడు. చదివితే ఆయన పెళ్ళి శుభలేఖ చదివినట్టుంది. బావమరిది, వదినగారి అల్లుడు, షడ్డకుడు. టీవీ డైరెక్టర్ అది చూసి మొహం చిట్లించాడు.

"సూట్లు వద్దండి. రోజూ పని చేసుకునే మనిషి ఒక్కడైనా కావాలి. చేసే పని స్టేజీ మీద చూపించాలి."

"ఉన్నాడు ఒకడు," అన్నాను నేను, నన్నెవరూ అడక్కపోయినా.

నగేష్ గారు నన్ను పక్కకు పిలిచాడు. "వసుంధర గారు, ఇది మన ఇజ్జత్ కా సవాల్. డ్రైవర్‌ని తోలుకొచ్చి టీవీల నిలబెడితే ఊరోళ్ళు ఏమనుకుంటరు? గల్ఫ్‌ల మనోళ్ళందరు డ్రైవర్లే అనుకోరా?"

"మీ బావమరిదిని నిలబెడితే మనోళ్ళందరూ బావమరుదులే అనుకుంటారు," అన్నాను. ఆయన ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా ఉంది.

ఇమామ్‌కు ఈ సంగతి చెబితే ముందు బండి ఇంజను ఆపాడు.

"అక్కా, గెలిస్తే మాబున్నీ ఈడికి వస్తాదా?"

"వస్తుంది. గెలవకపోయినా నువ్వు కాఫీ పోయడం టీవీలో చూస్తుంది."

"దల్లా నాదే తెచ్చుకుంటా," అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. బాబా కూడా నవ్వి సెలవిచ్చాడు, ఇంట్లోంచి మంచి గహ్వా పొడి కూడా పంపాడు.

షూటింగు ఒక స్కూలు ఆడిటోరియంలో. లేబర్ క్యాంపులనుంచి బస్సుల్లో కుర్రాళ్ళు వచ్చారు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వచ్చారు, డ్రైవర్లంతా వెనక వరుసలు పట్టుకున్నారు. సూట్లవాళ్ళు ముందు వరుసలో. గర్జన స్టార్ చెప్పిన టైముకు రాలేదు. వచ్చాక ఆయన్ని చూసి నాకు జాలేసింది. తోలు ప్యాంటు ఎంత బిగుతంటే కూర్చోవడానికి ఇద్దరు సాయం పట్టారు. చొక్కా గుండీలన్నీ విప్పుకుని కండలు చూపించాలి కాబట్టి పొద్దుటినుంచి అన్నం లేదు, నీళ్ళు లేవట. ఓపిక కోసం ఏదో డబ్బా డ్రింకులు మాత్రం గడగడా తాగుతున్నాడు. ఎవరో ఖర్జూరాలు ఇస్తే వాటిని పాముల్ని చూసినట్టు చూశాడు.

ఇక్కడ నాకు తల ప్రాణం తోకకొచ్చింది. టీవీవాళ్ళు ఇమామ్‌కు ఎక్కడో నాటకాల కంపెనీలో దొరికిన అరబ్ వేషం తెచ్చారు. మెరుపుల అంచు, నల్ల గడ్డం, బెల్టులో అట్ట కత్తి. కత్తి పెట్టుకుని కాఫీ పోసేవాడిని నేను ఏ దేశంలోనూ చూడలేదు. కాస్ట్యూమ్ అబ్బాయికి నా నోటి రుచి చూపించాను. ఇమామ్ తన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటుతోనే స్టేజీ ఎక్కాడు.

మొదటి ఆటలో జారుడు పలక మీద బిందెతో నీళ్ళు మోయాలి. నగేష్ గారి బావమరిది బ్యాంకు ఆఫీసరు. టై కట్టుకుని మరీ పలక ఎక్కాడు. జారాడు. ఆసరాకి యాంకరమ్మ జడ పట్టుకున్నాడు. ఆ జడ సవరం. అది చేతికి ఊడొచ్చి, ఆయన దాంతోపాటే నీళ్ళ తొట్టిలో పడ్డాడు. యాంకరమ్మ ఏడుస్తూ గ్రీన్‌రూమ్‌లోకి వస్తే మళ్ళీ జడ అతికించింది ఎవరు? నేనే. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు జారారు. ఇమామ్ మాత్రం చుక్క తొణక్కుండా దాటేశాడు. నీళ్ళ బిందె అతనికి పెద్ద దల్లా, అంతే.

చివరిది మూగ రౌండు, అది జారకుండా మిగిలిన ఇమామ్‌కే. యాంకరమ్మ నియమాలు చదివింది. పోటీదారుడు తను రోజూ చేసే పని స్టేజీ మీద చేసి చూపించాలి. హీరోగారు ఆ పని చేయించుకునే మనిషిగా కూర్చోవాలి. ఇద్దరూ నోరు విప్పకూడదు. జనం కూడా చప్పుడు చేయకూడదు. పని పూర్తయిందని పోటీదారుడికి అనిపించినప్పుడు గంట కొట్టాలి. గంట మోగేదాకా హీరో కుర్చీలోంచి లేవకూడదు. ఎవరు మాట్లాడినా, హీరో లేచినా, జోడీ ఓడిపోయినట్టే.

గర్జన స్టార్ కాలు మీద కాలు వేసుకుందామని చూశాడు, ప్యాంటు ఒప్పుకోలేదు. ఇమామ్ ఎడమ చేత్తో దల్లా పట్టుకుని, కుడి చేత్తో కప్పు అందించాడు. పైనుంచి సన్నగా ధార పడింది, రవ్వంత, కప్పు అడుగున. హీరో దర్జాగా తాగి, ఖాళీ కప్పు చాపాడు. మర్యాద తెలిసిన మనిషినని చూపించుకోవడానికి.

చేయి చాపితే ఇంకా కావాలని కదా. ఇమామ్ పోశాడు.

హీరో తాగాడు. చాపాడు. ఇమామ్ పోశాడు. నాలుగైదుసార్లయ్యేసరికి హీరో కనుబొమలు ఎగరేశాడు. ఇమామ్ చూడలేదు, అతను చూసేది కప్పును. హీరో తల అడ్డంగా ఊపాడు. అడ్డంగా ఊగాల్సింది తల కాదు. ఇమామ్ పోశాడు. కప్పు కింద పెడదామంటే పక్కన బల్ల లేదు, గంట ఒక్కటే ఉంది. లేద్దామంటే ఓడిపోతారు, కెమెరాల ముందు గర్జన స్టార్ ఓడిపోతాడా? ఆయన పళ్ళు బిగించి నవ్వుతూ తాగాడు.

వెనక వరుసల్లో డ్రైవర్లకు విషయం అర్థమైపోయింది. మాట్లాడకూడదు కాబట్టి, ఒక్కొక్కరే లేచి చేయి పైకెత్తి, వేళ్ళు దగ్గరికి చేర్చి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టారు. ఇలా ఊపు బాబూ, ఇలా, అని. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ అందుకున్నారు. హాలు వెనక సగం చేతులు ఊపుతోంది. గర్జన స్టార్ అది చూశాడు. ఖతర్ అభిమానులు ఇలా పలకరిస్తారు కాబోలు అనుకున్నాడు. మొహం వెలిగిపోయింది. ఆయన కూడా చేయెత్తి, వేళ్ళు చేర్చి, వాళ్ళకు అలాగే ఊపాడు. ఎడమ చేత్తో. కుడి చేతిలో కప్పు నిటారుగా, కదలకుండా ఉంది.

ఇమామ్ పోశాడు.

నేను తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఇతగాడికి బుర్ర లేదా, ఒక్కసారి తలెత్తి చూడొచ్చు కదా, గంట కొట్టేయొచ్చు కదా అని లోపల తిట్టుకుంటున్నాను. కానీ అతని మొహం చూస్తే తెలిసింది. అతను స్టేజీ మీద లేడు. లైట్లు పడగానే భయంతో ఒళ్ళు కొయ్యబారిపోయి, చేతులు మాత్రం రోజూ చేసే పని చేసుకుపోతున్నాయి. ఊపని కప్పు ముందునుంచి కదలడం ఆ చేతులకు తెలియదు.

దల్లా బరువు తగ్గుతోంది. హీరో మెడ మీద నరాలు తేలాయి. ఖాళీ కడుపు, పొద్దుటి డబ్బా డ్రింకులు, వాటిమీద ఈ కషాయం. ముందు మోకాలు ఆడటం మొదలైంది. తర్వాత దవడ. ఆ తర్వాత, దేవుడున్నాడండీ, కుడి చేయి వణికింది. చేతిలో కప్పు అటూ ఇటూ, అటూ ఇటూ ఊగింది.

ఇమామ్ వెంటనే ఆగాడు. వంగి, ఆ కప్పు మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. దల్లా నిలబెట్టాడు. గంట కొట్టాడు.

హాలు దద్దరిల్లిపోయింది. గర్జన స్టార్ మాత్రం చప్పట్లకోసం ఆగలేదు. తర్వాతిది మీరు వీడియోలో చూశారు. ఆయనకు దెయ్యం పట్టలేదు, బాత్రూమ్ కావలసి వచ్చింది. తెర మెడకు చుట్టుకుంది, తెరతోపాటు సెట్టు కదిలింది, 'గురూ'లోని 'గు' అక్షరం ఊడి ముందు వరుసలో నగేష్ గారి ఒళ్ళో పడింది. బాత్రూమ్‌లో ఆ ప్యాంటు సంగతి ఏమైందో నాకు తెలుసు, మర్యాద కాదని చెప్పడంలేదు.

ఇమామ్ నా దగ్గరికొచ్చాడు. "గెలిచినాం గదక్కా? మాబున్నీ వస్తాది గదా?"

"వస్తుంది," అన్నాను. తొందరపడ్డాను.

హీరోగారి మేనేజరు నగేష్ గారిని, డైరెక్టర్‌ని గ్రీన్‌రూమ్‌లోకి లాక్కొచ్చాడు. ఆ రౌండు టీవీలో రాకూడదన్నాడు, హీరోగారి ఇమేజ్ ఏం కావాలన్నాడు. రౌండే లేకపోతే గెలుపూ లేదు. బహుమతి రెండోవాళ్ళకి, అంటే నగేష్ గారి లెక్కలో నీళ్ళ తొట్టిలో పడ్డ బావమరిదికి ఇవ్వాలని ముగ్గురూ కలిసి తేల్చారు. అతని ఇంటి మనిషిని ఊరినుంచి దోహాకు తెస్తారట. అతని భార్య ఇక్కడే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో కాపురముంటోంది, ఆ క్షణాన ముందు వరుసలో కూర్చుని సమోసా తింటోంది. ఆ మాట నేను గట్టిగానే అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇమామ్‌కు ఒక శాలువా తెప్పించారు.

ఇమామ్ శాలువా మడిచి నా చేతిలో పెట్టాడు. దల్లాలో మిగిలిన గహ్వా ఊపి చూసుకుని, రెండు కప్పులు తీసి, ఒకటి మేనేజర్‌కి, ఒకటి నగేష్ గారికి పోశాడు. నిండా. అంచులు పొంగేదాకా.

గుమ్మం దగ్గరున్న డ్రైవర్లు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఒకడు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నగేష్ గారు ఇన్నేళ్ళుగా దోహాలో ఉన్నా మజ్లిస్ గడప తొక్కింది లేదు. కప్పు ఎత్తి, "మస్తుగ పోసినవ్ ఇమామ్ భాయ్, మనసున్నోనివి," అన్నాడు. మేనేజరు కూడా చాలా సంతోషపడ్డాడు. తాగేసి లేచి పొమ్మన్నాడని వాళ్ళకు ఈ రోజుకీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

తిరిగి వస్తుంటే బండిలో నా కోపం ఆగలేదు. "ఒక్కసారి ఆయన మొహం చూసి ఆపి ఉంటే ఈ రభస ఉండేది కాదు కదయ్యా."

"ఆయప్ప కప్పు ఊపలేదు గదక్కా. ఊపకుండా నేనెట్ల ఆపాల?" అన్నాడు. సిగ్నల్ దగ్గర బండి ఆపి, "తాళమే చూసుకోవాలేమో ఇంక," అన్నాడు. నేను ఒళ్ళో ఉన్న శాలువాను మళ్ళీ మడిచాను.

అయితే వెనక వరుసల్లో ఫోన్లున్నాయని ఆ మేనేజరు మర్చిపోయాడు. మర్నాటికల్లా వీడియో లోకమంతా తిరిగింది. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకోకుండా, చేయెత్తి వేళ్ళు ఊపడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళ బారాత్‌ల్లో, క్రికెట్ మ్యాచుల్లో, ఎక్కడ చూసినా అదే. గర్జన స్టార్ విమానం దిగితే అభిమానులు వందలమంది అలాగే ఊపారట. అప్పుడాయన కెమెరా ముందుకొచ్చి, అదంతా తను ముందే అనుకుని చేసిన స్టెప్పు అని, అరబ్ సంస్కృతికి తన వందనమని సెలవిచ్చాడు. అంత సిగ్గులేనితనం నాకుంటే పార్లర్ ఈపాటికి నాలుగు అంతస్తులయ్యేది.

ఇక ఆ రౌండు లేకుండా చానెల్‌కు పూట గడవదు. డైరెక్టర్ ఇమామ్‌కు ఫోన్ చేసి, టీవీలో మీ మొహం చూపించడానికి ఒప్పుకోవాలి, ఏం కావాలో చెప్పండి అన్నాడు. ఇమామ్ ఒకే మాట అడిగాడు.

"మాబున్నీని పంపిస్తారా?"

ఆ సాయంత్రమే మాబున్నీసా వీడియో కాల్ చేసింది. ఇమామ్ పార్లర్ గుమ్మంలో నిలబడి, నాకూ కనపడేలా ఫోన్ పట్టుకున్నాడు. మొహమంతా పళ్ళే. ఊరంతా చూశారంట అక్కా అన్నాడు.

"చూసినా," అంది మాబున్నీసా. నవ్వలేదు. "కాఫీయే పోస్తాండావు. ఒప్పుకుంటా."

"చెప్తే నమ్మకపోతివి."

"ఆ సినిమాయప్ప అడక్కుండానే అన్నిసార్లు పోస్తివే. ఎంత వంగినావు, ఎంత ఒద్దిక. ఈ ఇంట్లో ఒక్క పూటన్నా నాకు గ్లాసుడు నీళ్ళు ఇచ్చినావా?"

ఇమామ్ పళ్ళు లోపలికి పోయాయి.

"తాగేటోళ్ళ మొగం చూడవంట గదా. అలవాటేలే నీకు. సెలవుకొస్తే నా మొగమూ చూడవు, కంచం చూస్తావు, పడక చూస్తావు." ఆమె కొంగు సర్దుకుంది. "టిక్కెట్టు పంపుతామని టీవీవోళ్ళు ఫోన్ చేసినారు. వస్తాండా. కూర్చుంటా. పోస్తువులే."

ఫోన్ పెట్టేసింది. ఇమామ్ నా వైపు చూడలేదు. నేను లోపలికి వెళ్ళి ఎవరికో కనుబొమలు తీస్తూ, ఒక వెంట్రుక ఎక్కువ పీకాను.

మాబున్నీసా వచ్చింది. ముషైరిబ్ హోటల్లో పరుపు మెత్తగా ఉందని నేలమీద పడుకుందట. మర్నాడు శుక్రవారం, ఇద్దరినీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. తిన్నాక ఆమె సోఫాలో నిటారుగా కూర్చుంది, ఇంటర్వ్యూ చేయడానికొచ్చిన ఆఫీసరులాగా. ఇమామ్ తెల్లటి అరబ్ చొక్కా తొడుక్కున్నాడు. మా వంటింట్లో గహ్వా కాచి, దల్లాలో వంచుకుని వచ్చాడు.

"చాలనుకుంటే కప్పు ఇట్ల ఊపాల," అని చూపించాడు.

"ఇట్లనేనా?" ఆమె ఖాళీ కప్పు తీసుకుని, రెండు వేళ్ళతో అచ్చం ఇమామ్ యజమానురాలు మామాలాగా ఊపింది. "తెలిసిందిలే. పోయ్."

పోశాడు. తాగింది. చేదుకు మొహం వంకర తిరిగింది. కప్పు చాపింది. పోశాడు. తాగింది, చాపింది. మూడోసారి, నాలుగోసారి. ఆమెకు ఆ గహ్వా ఒక్క గుటక కూడా నచ్చలేదని నాకు కనబడుతూనే ఉంది. మామూలుగా అయితే నేను కల్పించుకునేదాన్ని. ఆమె కళ్ళు చూసి కుర్చీకి అతుక్కుపోయాను. దల్లా అయిపోయింది. ఇమామ్ వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ కాచుకొచ్చాడు. మళ్ళీ వంగాడు. కప్పు అలాగే, నిటారుగా, అతని ముందు ఉంది.

పోయబోతూ ఇమామ్ ఆగాడు. కప్పుమీదనుంచి చూపు మెల్లిగా పైకి వెళ్ళింది. చేయి, భుజం, కొంగు, తర్వాత ఆమె మొహం. అక్కడే ఆగిపోయాడు.

"ఏంది చూస్తాండావు?" అంది మాబున్నీసా. కప్పు మాత్రం దించలేదు. "నేను చాలన్నానా?"

ఇమామ్ ఆమె మొహం మీదనుంచి కళ్ళు తీయకుండానే పోశాడు. దల్లా ముక్కులోంచి ఒక చుక్క జారి నా కార్పెట్ మీద పడింది. కొత్త కార్పెట్. పదహారేళ్ళలో అతను ఒలకబోసిన మొదటి చుక్క, నాకు తుడవబుద్ధి కాలేదు.